బండి కాదట, నా చేతులట

జూలై 21, సోమవారం

బండికి రెండు కొత్త టైర్లు వేయించాను. పాతవి ఎంత నున్నగా అరిగాయంటే, వర్షం పడినప్పుడు చెరువు గట్ల మీద బండి నేను తిప్పిన వైపు కాక తనకి నచ్చిన వైపు పోతోంది.

పెద్దిరాజు గారి టైర్ల కొట్టులో వేయించాను. "చక్రాలు బ్యాలెన్సింగ్ కూడా చేస్తారా అండి?" అని అడిగాను. అంతే, కొట్లో ఉన్న మగవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. పని లేక కూర్చున్నవాళ్ళు ఇంకాస్త గట్టిగా నవ్వారు.

"అది కార్లకమ్మా!" అన్నారు పెద్దిరాజు గారు కళ్ళు తుడుచుకుంటూ. "నాలుగు చక్రాలుంటేనే దానికి బ్యాలెన్సు. రెండు చక్రాలంటే మనమే కదండీ బ్యాలెన్సు చేసుకునేది!"

ఇంత గొప్ప శాస్త్రం ఇన్నాళ్ళూ నాకు తెలియకుండా పోయింది. టైరు పక్కన పసుపు రంగు చుక్క ఒకటుంది. ఇదేంటండీ అన్నాను. "కంపెనీవాడు బొట్టు పెట్టి పంపుతాడమ్మా, లక్ష్మీప్రదం" అన్నారు. వేళాకోళమనే అనుకున్నాను. ఇంటికొచ్చాక మా అత్తయ్యగారు ఆ చుక్క చూసి ఎంత మురిసిపోయారో! "ఎవరో గాని ఆచారం తెలిసినవాళ్ళు" అని దాని కింద కుంకుమ కూడా అద్దారు. మా అత్తయ్య అచ్చాయమ్మ గారు చెయ్యి పెట్టాక ఏ యంత్రమైనా ముత్తైదువే.

జూలై 22, మంగళవారం

పొద్దున్న మామూలుగానే ఈయన్ని వెనక ఎక్కించుకుని బయల్దేరాను. బండి ఒకప్పుడు ఈయనదే. రైస్ మిల్లు కాటా దగ్గర కూర్చుని ధాన్యం లారీలు తూచే మనిషికి బండితో పనేముంది, రొయ్యల చెరువుల చుట్టూ తిరిగి ల్యాబ్ పరీక్షలకి నీళ్ళు పట్టే దాన్ని నాకే కావాలి గాని. ఇంతకుముందు నేనే మిల్లు దాకా దింపేదాన్ని. ఈమధ్య ఈయన మలుపు దగ్గరే, "ఆపెయ్ దుర్గా, ఇక్కణ్ణించి నడుస్తాను, నడక మంచిది" అని దిగిపోతున్నారు. ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ఉన్న మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?

చించినాడ వంతెన దాటాక అరవై అందుకున్నానో లేదో హ్యాండిల్ వణకడం మొదలైంది. వెనక పెట్టెలో ఖాళీ సీసాలు గలగలలాడిపోయాయి. నలభైకి తగ్గిస్తే మానేసింది. మళ్ళీ అరవై. మళ్ళీ వణుకు. చివరికి నలభైలోనే ఈడ్చుకుంటూ పోయాను. కొబ్బరి బొండాల లోడుతో మోపెడ్ మీద పోతున్న ఒకాయన నన్ను దాటేసి, వెనక్కి తిరిగి జాలిగా చూసి మరీ వెళ్ళాడు.

జూలై 23

గాలి ఎక్కువైందేమో అన్నారు పెద్దిరాజు గారు. తగ్గించారు. ఊగింది.

జూలై 24

గాలి తక్కువైందేమో అన్నారు పెద్దిరాజు గారు. పెంచారు. ఊగింది.

జూలై 26, శనివారం

బైకు చక్రాలకి బ్యాలెన్సింగ్ కావాలా వద్దా అన్న విషయం మీద మా పాలకొల్లులో అభిప్రాయం లేని మగవాడు లేడు. మందుల షాపాయన అక్కర్లేదన్నాడు. ఆయనకి బండే లేదు. మా వీధి చివర పురోహితుడు గారు పెద్ద బండ్లకే కావాలన్నారు. ఎంత పెద్దవి అంటే చేతులు బార్లా చాపి చూపించారు. ఫోన్లో వెతికితే సగం ప్రపంచం తప్పనిసరి అంటోంది, సగం దండగ అంటోంది. అందరూ ఒప్పుకున్న ముక్క ఒక్కటే. "బండి కాదమ్మా, నీ చేతులేమో చూసుకో."

పదేళ్ళుగా తోలుతున్నాను ఈ చేతులతోనే. టైర్లు మారిన రోజే వీటికి జబ్బు చేసిందన్నమాట.

జూలై 27, ఆదివారం

ఈయనే స్వయంగా బండి తీసుకుని తణుకు దాకా వెళ్ళొచ్చారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, పరీక్ష ఫలితాలొచ్చే రోజు నిలబడ్డట్టు.

"ఎలా ఉందండీ?"

"వెన్నలా ఉంది."

"అరవై దాటారా?"

"ఎనభై వెళ్ళాను. ఊగలేదే! దుర్గా, ఏమీ అనుకోకు, ఒకసారి డాక్టరుకి చూపించుకో."

ఎంత మెల్లగా చెప్పారో. గణేష్‌బాబు గారంటే ఊళ్ళో అందరికీ అదే పేరు, నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేని మనిషి అని. వచ్చాక పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ చాలాసేపు రెండు అరచేతులూ పిసుక్కున్నారు. పాపం, మంచి ఎండలో వెళ్ళారు.

ఈయన అబద్ధం చెప్పరు.

జూలై 30, బుధవారం

డాక్టరు గారు చేతులు చాపమన్నారు. చాపాను. కాగితం పెట్టి చూశారు, కాగితం కదల్లేదు. రక్తం తీశారు. థైరాయిడ్ లేదు, షుగర్ లేదు, ఏమీ లేదు.

"మరి ఎప్పుడు వణుకుతున్నాయమ్మా?"

"బండి ఎక్కినప్పుడేనండి."

"అయితే ఎక్కకండి" అన్నారు.

ఇంత చదువు చదివింది ఇందుకన్నమాట.

ఆగస్టు 1, శుక్రవారం

ఉదయభాస్కర్ సార్ పిలిచారు. మా ల్యాబ్‌కి ఆయనే పెద్ద. చినబాబు గారి చెరువు నీళ్ళు ల్యాబ్‌కి ఆలస్యంగా వచ్చాయి. రిపోర్టు వెళ్ళేసరికే ఆక్సిజన్ తగ్గి కొంత రొయ్య చచ్చి తేలిపోయింది. చినబాబు గారు నన్నొక్క మాట అనలేదు. సార్‌కి ఫోన్ చేసి మాత్రం చాలా మాటలన్నారట.

"నలభైలో వెళ్తే ఇలాగే ఉంటుందండి మరి" అన్నారు సార్. "రూటు మన ల్యాబ్ కుర్రాడు కిరణ్ కుమార్‌కి ఇద్దాం. మీరు ల్యాబ్‌లో కూర్చోండి. చల్లగా ఏసీ. సీసాలకి లేబుళ్ళు అంటించుకోవచ్చు."

వారం గడువు అడిగాను. ఆయ్, చూడండి అన్నారు.

ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాసుకుంటాను. నాకు ఆ రూటంటే ప్రాణం. పొద్దున్నే గట్టు మీద బండి ఆపగానే "మేడమ్ గారు చూసేదాకా మేత వెయ్యకండ్రా" అని కేకేస్తారు. నేను ఆపమంటే ఆపుతారు, వెయ్యమంటే వేస్తారు. ఈ భూమ్మీద నా మాటకి అలా ఆగేది రొయ్యలొక్కటే అయినా సరే, అది నాది. లేబుళ్ళు అంటించుకుంటూ బతకలేను.

ఆగస్టు 3, ఆదివారం

రాజమండ్రిలో పెద్ద బండ్లకి బ్యాలెన్సింగ్ చేసే చోటు ఒకటుందని తెలిసి నలభైలోనే వెళ్ళాను. దారి పొడుగునా సైకిళ్ళు తప్ప అన్నీ నన్ను దాటిపోయాయి.

అక్కడి మనిషి చెవుల్లో పాటలు తియ్యకుండానే ముందు చక్రం విప్పి స్టాండుకి ఎక్కించి, చేత్తో తిప్పి వదిలాడు. తిరిగి తిరిగి ఆగింది. మళ్ళీ తిప్పాడు. ప్రతిసారీ ఒకే చోటు కిందకొచ్చి ఆగుతోంది. అక్కడ బరువెక్కువట. అత్తయ్యగారు కుంకుమ అద్దిన పసుపు చుక్క ప్రతిసారీ పైకొచ్చి నన్నే చూస్తోంది.

"ఈ కుంకుమేంటండీ?" అన్నాడు.

"మా ఇంటి ఆచారం" అన్నాను.

"చుక్క ఉన్నవైపు టైరు తేలికండి. గాలి కొట్టే చోట బరువు కదా, దాని పక్కకి రావాలిది. ఎదురుగా ఎక్కించేశారు." అంతే, మళ్ళీ పాటల్లో పడ్డాడు. టైరు సరిగ్గా తిప్పి ఎక్కించి, ఇంకా తేడా ఉన్నచోట రిమ్ముకి సీసం ముక్కలు అంటించాడు. వెనక చక్రానికీ అంతే. ఇన్నాళ్ళ గొడవ, ఊరంతటి శాస్త్రం, నా రక్తపరీక్ష, అన్నీ ఆ చిటికెన వేలంత ముక్కల్లో తేలిపోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఎనభై. వెన్న! హెల్మెట్‌లో ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను. రావులపాలెంలో ఆగి అత్తయ్యగారికి పూతరేకులు కొన్నాను.

ఈయన్ని చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి లాక్కెళ్ళి చూపించాను. "ఇదిగోనండీ, వీటి మీద అయిదు గ్రాములు, పది గ్రాములు అని వేసుంది చూశారా? ఇంతే తేడా!"

వంగి చూశారు. "ఓహో" అన్నారు. రోజూ టన్నుల్లో తూచే మనిషికి గ్రాములు ఏం ఆనతాయి.

ఆగస్టు 5

ఊగలేదు. చినబాబు గారు కాఫీ ఇప్పించారు.

ఆగస్టు 6

ఊగలేదు!

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. వేకువనే లేచి నేను పూర్ణాలు చేస్తుంటే, అత్తయ్యగారు బండికి తలంటు మొదలుపెట్టారు. ఈయన పైపు పట్టుకున్నారు. చక్రాలకి చింతపండు పెట్టి తోముతున్నారావిడ. "అత్తయ్యగారూ, అది ఇత్తడి కాదండీ!" అని వంటింట్లోంచే అరిచాను. "నీకు తెలీదులే, మెరవాలి" అన్నారు. మెరిసింది. చామంతి దండ కూడా పడింది. అమ్మవారికి వేసిన దండ కంటే అదే పెద్దది.

ఆగస్టు 9, శనివారం

ఊగింది.

చూస్తే సీసం ముక్కలు లేవు. ముందుదానికీ లేవు, వెనకదానికీ లేవు. రాజమండ్రికి ఫోన్ చేసి, చింతపండుతో తోమితే ఊడతాయా అన్నాను. "మేం అంటించినవి ఊడవండీ, ఏ గోతుల్లో దూకించారో" అన్నాడు. మళ్ళీ నేనే, నా తోలుడే.

ఇవాళ కూడా నీళ్ళు ఆలస్యం.

ఆగస్టు 10, ఆదివారం

"వారానికోసారి రాజమండ్రి వెళ్ళి అంటించుకొస్తావా?" అన్నారు ఈయన. కేక లేదు, కోపం లేదు. "జిగురు ఎన్నాళ్ళుంటుంది? అందరూ చెప్తూనే ఉన్నారు కదా, బైకులకి అవన్నీ నిలవవని. ల్యాబ్‌లో కూర్చో. ఇది అమ్మేసి నీకో స్కూటీ తీసుకుందాం, ఊళ్ళో తిరగడానికి."

ఎంత ఆలోచిస్తారో నా గురించి.

నిజంగానే నా చేతులేనా?

ఆగస్టు 11, సోమవారం

సార్‌తో చెప్పేశాను, వచ్చే సోమవారం నుంచి ల్యాబ్‌లో కూర్చుంటానని. "మంచి నిర్ణయమండి" అన్నారు. కిరణ్ కుమార్ నా దగ్గరికొచ్చి ఏ చెరువు దగ్గర కుక్కలు కరుస్తాయో అడిగాడు. అన్నీ కరుస్తాయని చెప్పాను.

ఆగస్టు 12, మంగళవారం

వరుసగా రాస్తాను. లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

పొద్దున్న బయల్దేరబోతుంటే అత్తయ్యగారు ఎర్రగుడ్డ మూట ఒకటి చేతిలో పెట్టి, ఈయన వినకుండా గుసగుసగా చెప్పారు. "కాలవలో వదిలెయ్. విప్పకు. వెనక్కి తిరిగి చూడకు."

ఈయన్ని మలుపులో దింపి, కాలవ వంతెన మీద ఆపాను. మూట చిన్నదే గాని బరువుగా ఉంది. చెయ్యెత్తి విసరబోయాను కూడా. వేళ్ళకి లోపల ఏదో పలకలుగా తగిలింది. విప్పకూడదన్న మూట విప్పకుండా పారేసేంత మంచిదాన్ని కాను నేను. విప్పాను. పసుపులో దొర్లించిన సీసం ముక్కలు. ఒక్కోదానికీ కుంకుమ బొట్టు.

బండి తిప్పుకుని ఇంటికొచ్చేశాను. మూట చూడగానే అత్తయ్యగారి మొహం పాలిపోయింది.

"విప్పావా! అయ్యో, విప్పావా అమ్మాయ్!"

"ఇవి మీకెక్కడివండీ?"

"చక్రానికి అంటించి ఉన్నాయే! సీసం! ఊరికే ఉంటుందా సీసం? పైగా అంకెలు. అయిదు, అయిదు, పది, పక్కన పాము చుట్టుకున్నట్టు గుర్తు. నువ్వు బండి మీంచి పడిపోవాలని ఎవరో చేయించారనుకున్నాను. వ్రతం రోజు గడప దాటించకూడదని, మంగళవారం దాకా పసుపులో పెట్టి ఉంచాను."

చెప్తూ చెప్తూ ఏడ్చేశారు. పాము గుర్తు! గ్రాములకి వేసిన ఇంగ్లీషు అక్షరం అది. నవ్వాలో ఏడవాలో తెలీక ఆవిడ పక్కనే కూలబడ్డాను. ఇవి లేకపోతేనే పడిపోతానండీ అని మొత్తం విడమరిచి చెప్పాను. విన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత మామూలుగానే అన్నారు.

"మరి గణేషు చెప్పలేదే? పక్కనే పైపు పట్టుకుని ఉన్నాడు. ఇవేంట్రా అని వాడికే చూపించాను. చేతిలోకి తీసుకుని చూసి, 'ఏమోనమ్మా, తీసెయ్' అన్నాడు."

కుక్కరు కూత వేస్తే కూడా ఇద్దరం లేవలేదు.

సాయంత్రం ఈయన వచ్చారు. అత్తయ్యగారు కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా పళ్ళెంలో ఆ ముక్కలు పెట్టారు. ఈయన చూశారు. గ్లాసులో కాఫీ తొణికి పంచె మీద పడింది.

"ఏరా," అన్నారావిడ, "నీ చేతులెందుకురా వణుకుతున్నాయి? డాక్టరుకి చూపించుకోకపోయావా?"

నేను ఒక్కటే అడిగాను. "తణుకు వెళ్ళిన రోజు?"

పంచె మీద కాఫీ దులుపుకుంటూ అన్నారు. "ఊగింది."

ఇంకా చెప్పారు. మిల్లు దగ్గర లారీవాళ్ళు, కాటా దగ్గర కూర్చునేవాళ్ళు, "గణేష్‌బాబుగారు మేడమ్ గారి వెనక సీటండోయ్" అంటున్నారట. నువ్వు ల్యాబ్‌లో కూర్చుంటే ఈ మాటలన్నీ పోతాయనుకున్నాను అన్నారు. అయితే నడక మంచిదన్నది కూడా అదేనన్నమాట.

"నేను పడిపోయి ఉంటే?" అన్నాను.

"నలభైలోనే వెళ్తున్నావు కదా" అన్నారు.

ఇదీ జవాబు. అత్తయ్యగారు లేచి కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి తీసేసుకుని, మిగిలింది పెరట్లో పారబోశారు.

నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. రక్తం తీయించుకున్నాను. నా చేతుల్ని నేనే అనుమానించాను. అద్దం ముందు వేళ్ళు చాపి చూసుకున్నాను. ఇన్నాళ్ళూ ఈయన అబద్ధం చెప్పరని ఇదే పుస్తకంలో రాసుకున్నాను. ఆ పేజీ చింపను. ఉండనీ.

ఆగస్టు 13, బుధవారం

రిమ్ము మీద జిగురు మరకలు అలాగే ఉన్నాయి. వాటిని బట్టే పెద్దిరాజు గారి చేత ముక్కలు కొత్త జిగురుతో అంటింపించాను. కొట్లో ఎవరో, బైకుకి ఇవెందుకండీ అన్నాడు.

"ఎందుకేంటండీ బాబూ! బ్యాలెన్సింగ్ లేకపోతే బండి ఎలా నిలబడుతుందండీ? నేను మొదట్నించీ అదే మొత్తుకుంటున్నాను. వింటారా ఎవరైనా!" అన్నారు పెద్దిరాజు గారు, నా మొహంలోకే చూస్తూ.

ఆయ్, మరేనండీ అన్నాను.

ఊగలేదు.

ఆగస్టు 14, గురువారం

సార్ గదిలోకి వెళ్ళి సోమవారం నుంచి లేబుళ్ళు అంటించనని చెప్పాను. ఇదేంటండీ, కిరణ్ కుమార్‌కి మాటిచ్చేశాను కదా అన్నారు. నీళ్ళు బల్ల మీద పెట్టాను, ఇంకా పొద్దు ఎక్కకముందే. సీసాలు చూశారు, గడియారం చూశారు. అప్పుడే ఫోన్ మోగింది, చినబాబు గారు. "ఆ కుర్రాణ్ణి మాత్రం పంపకండి సార్, నిన్న రూటు చూసుకోడానికని వచ్చి గట్టెక్కకుండా రోడ్డు మీంచే కుక్కలున్నాయా అని అరిచాడు" అన్నారట.

రూటు నాదే.

ఆగస్టు 15, శుక్రవారం

ల్యాబ్‌కి సెలవు. అత్తయ్యగారు మళ్ళీ బండికి తలంటారు. ఈసారి చింతపండు లేదు. సీసం ముక్కల దగ్గరికొచ్చేసరికి పసిపిల్ల మొహం తుడిచినట్టు కొంగుతో అద్ది, ఒక్కోదానికీ బొట్టు పెట్టారు. "మనవైపువే కదా ఇవి" అన్నారు. కొడుకు పైపు పట్టుకోబోతే, అక్కర్లేదన్నారు.

ఆగస్టు 16

ఈయనతో మాట్లాడలేదు.

ఆగస్టు 17

మాట్లాడలేదు. సాయంత్రం ఆయనే, స్కూటీ వద్దులే అన్నారు. ఎంత త్యాగం.

ఆగస్టు 18, సోమవారం

పొద్దున్న బండి తీసి నిలబడ్డాను. ఎక్కుతారో ఎక్కరో ఆయన ఇష్టం అనుకున్నాను. కాసేపు గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించి, వచ్చి ఎక్కారు.

మలుపు దగ్గరికొచ్చాం. "ఇక్కడ ఆపెయ్ దుర్గా, నడక..." అని మధ్యలోనే ఆగిపోయారు. నేను ఆగలేదు. మిల్లు రోడ్డులోకి తిప్పి, వరసగా నిలబడ్డ ధాన్యం లారీల పక్కనుంచి నేరుగా గేటు దాకా తీసుకెళ్ళి, హారన్ కొట్టాను. ఒకసారి సరిపోతుంది. రెండుసార్లు కొట్టాను. కాటా దగ్గరివాళ్ళు, లారీల మీదున్నవాళ్ళు అందరూ ఇటే తిరిగారు.

"దిగండి, వచ్చేసింది" అన్నాను, అందరికీ వినపడేలా.

దిగడానికి నా భుజం మీద చెయ్యి వేశారు. చెయ్యి వణుకుతోంది.

బండి మాత్రం ఊగలేదు.